గసగసం నీడ, మిరపగింజ మీద

2009 జూలై. గుంటూరు–చిలకలూరిపేట రోడ్డు మీంచి పక్కకి తిరిగి, పత్తి చేల మధ్య కంకర దారిన లోపలికి పోతే వచ్చే ఊళ్ళో, జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను ఫిజికల్ సైన్స్ టీచర్ని. ఫిజిక్సు, కెమిస్ట్రీ రెండూ నావే. నక్షత్రాలు, సౌరకుటుంబం అనే పాఠం ఎనిమిదో తరగతి పుస్తకంలో వెనకెక్కడో ఉండేది. పరీక్షలో దాని నుంచి వచ్చేది ఒకటో రెండో బిట్లు, అంటే ఖాళీలు పూరించే చిన్న ప్రశ్నలు. అందుకని చాలా బళ్ళలో దాన్ని "ఇంటి దగ్గర చదువుకోండర్రా" అని దాటేసేవారు. నేను దాటేదాన్ని కాదు. నాకు ముక్కు మీద కోపమని పిల్లలు చాటుగా అనుకునేవాళ్ళు. ఆకాశం గురించి ఎవరైనా నోటికొచ్చింది చెబితే ఆ కోపం ఇంకాస్త పెరిగేది.

ఆ ఏడు ఆ పాఠాన్ని ముందుకు లాక్కొచ్చాను. జూలై ఇరవై రెండు ఉదయం సూర్యగ్రహణం. మన వైపు పూర్తిగా కాదు, పాక్షికం. పొద్దు పొడిచీ పొడవగానే ఒక పక్క తరిగిపోతూ కనిపిస్తుంది. పిల్లలకి పాఠం ముందే వచ్చి ఉంటే గ్రహణాన్ని చూసి అర్థం చేసుకుంటారని నా ఆశ.

మా బళ్ళో టెలిస్కోపు లేదు. టీచింగ్ ఎయిడ్, అంటే పాఠం కళ్ళకి కట్టడానికి వాడే వస్తువు, ఏదైనా ఉందంటే అది మనం ఇంటి నుంచి తెచ్చుకున్నదే. నేనో గుమ్మడికాయ తెచ్చి బడి గేటు దగ్గర పెట్టించాను. "ఇది సూర్యుడు" అన్నాను. ఎండుమిరపకాయ విరిచి ఒక గింజ తీసి చూపించాను. "ఇది మనమున్న భూమి." పిల్లలు ఘొల్లున నవ్వారు. ఆ గింజ ఒక పిల్ల చేతికిచ్చి గేటు దగ్గర నుంచి జెండా కర్ర దాకా నడిపించి నిలబెట్టాను. కాయ ఆ సైజు, గింజ ఈ సైజు అనుకుంటే మధ్య దూరం అంత ఉంటుంది. గురుగ్రహం నిమ్మకాయ, అది బడి గోడ దాటి అవతల పత్తి చేలో ఉంటుంది. నెప్ట్యూన్ ఊరి పొలిమేరకి పోతుంది. "మరి సూర్యుడి తర్వాత మనకి అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం?" అని అడిగాను. "గుంటూరు!" "ఒంగోలు!" "మద్రాసు టీచర్!" అని అరిచారు. దేశం దాటి, సముద్రాలు దాటి పోవాలని చెప్పేసరికి అందరూ బడి గోడ అవతలికి తొంగి చూశారు.

చందమామకి గసగసం పెట్టాను. మిరపగింజకి జానలో సగం దూరం.

"ఈ గసగసం తిరుగుతూ తిరుగుతూ గుమ్మడికాయకి అడ్డమొస్తే దాని నీడ మిరపగింజ మీద ఓ చోట పడుతుంది. అంతే గ్రహణం. పామూ లేదు, మింగడమూ లేదు" అన్నాను.

జెండా కర్ర దగ్గర మిరపగింజ పట్టుకుని నిలబడ్డ పిల్ల పేరు పార్వతి. పుట్టుకతోనే పై పెదవి చీలి ఉంది. మా వైపు దాన్ని గ్రహణం మొర్రి అంటారు. పసితనంలో గుంటూరు తీసుకెళ్ళి కుట్టించారు. మచ్చ మిగిలింది, మాట ముక్కులోంచి వచ్చేది. అందుకని క్లాసులో నోరు విప్పేది కాదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, నేనూ బలవంతం చేసేదాన్ని కాదు. ఆ రోజు బెల్లు కొట్టాక అందరూ వెళ్ళిపోయినా తను వెళ్ళలేదు. గింజ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"టీచర్, నేను పుట్టకముందు గ్రహణం పట్టిందా?"

"ఎప్పుడు పుట్టావు నువ్వు?"

"తొంభై ఆరు ఏప్రిల్ అంట."

"ఎందుకడుగుతున్నావమ్మా?"

తల దించుకుంది. "మా అమ్మ గ్రహణం పూట కొడవలి పట్టిందంట. అందుకే నాకిట్టా అయిందంట. నాయనమ్మ చెప్పింది."

"మీ అమ్మ ఏమంటుంది?"

"ఏమో టీచర్. నేను అమ్మతో మాట్లాడను. ఆరో తరగతి నుంచి మాట్లాడట్లా." నా చేతిలోని గింజ వైపు చూస్తూ, "మీకు లెక్క తెలుసు కదా. చెప్పండి. మా అమ్మ వల్ల అయిందా, కాదా?" అంది.

ఇన్నేళ్ళ సర్వీసులో పిల్లలు నన్ను చాలా ప్రశ్నలు అడిగారు. ఇంత పెద్దది ఎవరూ అడగలేదు. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. గ్రహణాలు అన్ని చోట్లా కనపడవు. 'ఆ నెలల్లో మన ఊళ్ళో గ్రహణమే లేదమ్మా' అనగలిగితే వాళ్ళమ్మ అక్కడికక్కడే నిర్దోషి. కానీ నాకు గుర్తుంది. 1995 అక్టోబరు, దీపావళి మర్నాడు పొద్దున సూర్యగ్రహణం. అప్పుడు నేను బీఎడ్ చదువుతున్నాను. అట్టముక్కకి చిల్లు పెట్టి హాస్టల్ గోడ మీద నెలవంకలాంటి వెలుగుని చూసి గంతులేశాను. ఏప్రిల్‌లో పుట్టిన పిల్ల ఆ రోజుకి తల్లి కడుపులో ఉంది.

"పట్టింది" అన్నాను. "నువ్వు అప్పటికి కడుపులో ఉన్నావు."

"అయితే అమ్మే" అంది పార్వతి. ఏడవలేదు. ఎప్పుడో తెలిసిన సంగతికి ఇంకో సాక్షి దొరికినట్టు తల ఊపింది.

"ఆగవే! గ్రహణం పట్టిందన్నాను, మీ అమ్మ చేసిందన్నానా?" అని కసిరాను. "ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మిగతాది కూడా ఉన్నది ఉన్నట్టే తేలుద్దాం. అందాకా తీర్పు చెప్పకు."

మర్నాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పార్వతి నాయనమ్మ పున్నమ్మగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. పార్వతి తల్లి కోటేశ్వరమ్మ గేదె దగ్గర పేడ తీస్తోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని మంచినీళ్ళు తెచ్చిచ్చి, మళ్ళీ గేదె దగ్గరికే వెళ్ళిపోయింది. మాట్లాడింది అంతా పెద్దావిడే.

"నేనేమన్నా కక్షతో చెప్పానా టీచరమ్మా? కళ్ళారా చూశా. పొద్దున్నే గ్రహణం, గదిలో చాప పరిచి పడుకోమన్నా. గేదె అరుస్తందని పెరట్లోకెళ్ళి కొడవలి తీసుకుని జొన్న చొప్ప కోసింది. ఆ కోసిన కోత ఎవరికి తగిలిందో పిల్ల పుట్టాక చూశాంగా."

నేను ముందే గుంటూరులో ఒక డాక్టరుగారిని అడిగి వెళ్ళాను. గర్భం వచ్చిన రెండో నెలలోనే పెదవి కలిసిపోవాలట. కలవకపోతే చీలిక అప్పుడే మిగిలిపోతుందట. ఏప్రిల్‌లో పుట్టిందంటే దీపావళికి మూడో నెల దాటింది, ఆ లెక్కన అప్పటికే పార్వతి పెదవి సంగతి ముగిసిపోయింది. ఇదంతా విడమరిచి చెప్పాను.

పున్నమ్మగారు బుగ్గన చెయ్యి పెట్టుకుని విన్నారు. "ఆ డాక్టరు లోపలికెళ్ళి చూసొచ్చాడా?" అన్నారు. తర్వాత గొంతు మారింది. "నా మనవరాలమ్మా అది. బడిలో పిల్లలు ఎక్కిరించారని ఏడుస్తా వచ్చి, నాకే ఎందుకిట్టా అయిందే నాయనమ్మా అనడిగితే ఏం చెప్పను? ఎవరో ఒకళ్ళు చెయ్యందే ఇట్టా జరుగుద్దా?"

గేదె పక్కన కోటేశ్వరమ్మ చెయ్యి ఆగలేదు, తల తిరగలేదు.

సైన్సులో కంట్రోల్ గ్రూప్ అని ఒకటుంటుంది. ఒక మందు పనిచేసిందో లేదో తెలియాలంటే అది వేసుకున్నవాళ్ళని ఒక్కళ్ళనే చూస్తే చాలదు. మిగతావాళ్ళకి ఏమైందో కూడా చూడాలి. గ్రహణం రోజు బయటికి వచ్చి కూడా మంచి పిల్లల్ని కన్న తల్లులు ఊళ్ళో ఉంటే కోటేశ్వరమ్మ మీద నేరం నిలవదు. ఆ తల్లుల పిల్లలంతా నా ఎనిమిదిలోనూ తొమ్మిదిలోనూ ఉన్నారు. బడిలో రాసిన పుట్టినరోజులు నమ్మడానికి లేదు, సగం మందిని అయ్యవారికి తోచిన తేదీ వేసి చేర్పించారు. అందుకని పార్వతి పేరెత్తకుండా ఒక పని అప్పజెప్పాను. "మీ అమ్మల్ని అడగండి. దీపావళి మర్నాడు గ్రహణం పట్టిన ఏడు, పత్తి మొదటి తీత అప్పుడు, మీరు కడుపులో ఉన్నారా? ఆ పొద్దున అమ్మ ఏం చేసింది?"

జవాబులు వచ్చాయి. "మా అమ్మ కదల్లేదంట టీచర్." "గది తలుపేసుకుని పడుకుందంట." "చిటికెన వేలు కూడా కదపలేదంట." ఒక్కళ్ళు తప్పారా అంటే లేదు. అందరికన్నా గట్టిగా చెప్పింది సుభాషిణి, క్లాసులో గొంతు పెద్దది తనదే.

మూడో బెంచీలో పార్వతి నన్నే చూస్తోంది. ఆ పిల్లకి అంతా అర్థమైపోయింది. ఊరు మొత్తం మీద బయటికి వచ్చింది ఒక్క తన తల్లి, పెదవి చీలింది ఒక్క తనకి. నేను చేయించిన సర్వే కోటేశ్వరమ్మ మెడకి ఇంకో ముడి బిగించింది.

ఆ రాత్రి ఆ జవాబులన్నీ మళ్ళీ తిరగేశాను. ఒళ్ళు మండిపోయింది. పత్తి విచ్చే రోజుల్లో, ఇంట్లో గేదె, చంకలో పిల్ల ఉన్న ఆడమనిషి పూటంతా కదలకుండా పడుకుందంటే ఎవరు నమ్ముతారు? మర్నాడు సుభాషిణిని పిలిచి అడిగాను.

"మీ అమ్మని అడిగినప్పుడు పక్కన ఎవరున్నారే?"

"నాయనమ్మ ఉంది టీచర్. నాన్న కూడా ఉన్నాడు."

అదీ సంగతి. అత్తగారు వింటుంటే ఏ కోడలు నోరు తెరుస్తుంది? ప్రశ్న బాగానే ఉంది, అడిగిన చోటే బాగాలేదు.

ఊరి చివర రేకుల షెడ్డు ఒకటి ఉంది. కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చిన మిరపకాయకి అక్కడ తొడిమలు తీయిస్తారు. ముక్కుకి గుడ్డలు కట్టుకుని ఆడవాళ్ళంతా ఎర్రటి రాశుల చుట్టూ కూర్చుంటారు. ఆదివారం పొద్దున నేనూ వెళ్ళి ఒక రాశి ముందు చతికిలబడ్డాను. కోటేశ్వరమ్మ ద్వారం దగ్గర విడిగా కూర్చుని ఉంది. నాలుగు కాయలు తీశానో లేదో తుమ్ముల మీద తుమ్ములు. "టీచరుగారికి ఘాటు తెలిసొచ్చింది!" అని అందరూ నవ్వారు. సుభాషిణి తల్లి రాజ్యం తన కొంగు అంచు చింపి నాకో గుడ్డ ఇచ్చింది.

"మా పిల్ల చెప్పింది, భూమి మిరపగింజంత అంటగా" అంది రాజ్యం. "మరి మనమంతా అందులోనే ఉన్నామా?"

"అందులోనే. ఈ షెడ్డుతో సహా" అన్నాను. గసగసం సంగతి కూడా చెప్పాను. నవ్వులు సద్దుమణిగాక అడిగాను. "ఆనాడు గ్రహణానికి మీరెవరూ కదల్లేదని పిల్లలు చెప్పారు. ఇక్కడ అత్తగార్లు లేరు, మొగుళ్ళు లేరు. ఇప్పుడు చెప్పండి."

అందరూ తొడిమలు తుంచుతూనే ఉన్నారు. నేను కూడా తుంచుతూ కూర్చున్నాను.

"కదలకుండా ఎట్టా ఉంటాం టీచరుగారూ?" అంది రాజ్యం తల ఎత్తకుండా. "నాకు ఒకటే వాంతులు. పెరటి తలుపు తీసుకుని బయటికొచ్చి కక్కుకున్నా. అక్కడే బయట కూలబడ్డా. వాసన చూస్తే ఆగుద్దని ఉల్లిపాయ కోసుకున్నా, కత్తిపీట మీద. ఇప్పటిదాకా మా ఆయనక్కూడా చెప్పలా."

"నేను చేలోనే ఉన్నాలే" అంది పక్కనున్న మస్తానమ్మ. "మబ్బేసింది. విచ్చిన పత్తి తడిస్తే ఏం మిగులుద్ది? ఒడి నిండా తీసుకుని, గ్రహణం విడిచాక ఇంట్లోంచి వస్తున్నట్టు వచ్చా."

ఇంకొకామె రవికకి కుట్లేసుకుంది, సూది పట్టుకుని. ఇంకొకామె ఆకలికి ఏడుస్తున్న పెద్దపిల్లకి దోసకాయ కోసి పెట్టింది. ఒకరు చెబితే ఇంకొకరికి ధైర్యం వచ్చింది. రాశి చుట్టూ ఉన్నవాళ్ళలో ఆ ఏడు కడుపుతో ఉన్న ప్రతి మనిషీ ఏదో ఒకటి చేసే ఉంది.

ద్వారం దగ్గర చేతులు ఆగిపోయాయి. కోటేశ్వరమ్మ ముఖానికున్న గుడ్డ కిందికి లాగింది.

"మరి పదమూడేళ్ళ నుంచి ఒక్కళ్ళన్నా చెప్పలేదేం?" అంది.

గట్టిగా కూడా అనలేదు. రాజ్యం ఏడ్చేసింది.

"భయం వదినా. నీ పిల్లని చూశాక మరీ భయం. నాదేమో బాగానే పుట్టింది. నేనూ చేశానని నోరు జారితే, దానికి ఇంకేదన్నా అవుద్దేమోనని... నిన్ను అంటంటే వింటా కూచున్నా. పాపిష్టిదాన్ని."

కోటేశ్వరమ్మ మళ్ళీ గుడ్డ కట్టుకుంది. బుట్ట దగ్గరికి లాక్కుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం రాజ్యం ఎవరూ చెప్పకుండానే పున్నమ్మగారి అరుగు దగ్గరికి వెళ్ళి, పార్వతి వింటుండగా అంతా చెప్పిందట. మస్తానమ్మని కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది. "అయితే ఊళ్ళో అందరూ చేసిన పనేనన్నమాట" అని మాత్రం అన్నారట పెద్దావిడ. ఆ తర్వాత లోపలికి వెళ్ళి పడుకున్నారట.

మర్నాడు పార్వతి స్టాఫ్ రూమ్ బయట నా కోసం నిలబడి ఉంది. సంతోషంగా ఉంటుందనుకున్నాను. ముఖం కందగడ్డలా ఉంది.

"అమ్మ కాకపోతే మరి నన్నెవరు ఇట్టా చేశారు టీచర్?"

"ఎవరూ చెయ్యలేదమ్మా."

"ఎవరూ చెయ్యకుండా ఎట్టా అవుద్ది?"

"మీ చేలో పత్తి చూశావుగా. అదే విత్తనం, అదే నేల, అదే మందు. అయినా ఎక్కడో ఒక కాయ ఒక పక్క విచ్చదు. దానికి ఎవరిని తిడతాం? కడుపులో పెదవి కలిసేటప్పుడు ఎక్కడో ఒక బిడ్డకి కలవదు. ఎందుకో డాక్టర్లకే పూర్తిగా తెలియదు. గ్రహణం వల్ల కాదని తెలుసు. మీ అమ్మ వల్ల కాదని తెలుసు."

"మరి నేనెవర్ని తిట్టాలి?" అంది. అప్పుడు ఏడ్చింది, ముక్కులోంచి వచ్చే ఆ గొంతు దాచుకోకుండా బావురుమంది. పదమూడేళ్ళ పిల్ల చేతిలోంచి కోపం లాక్కుంటే బదులుగా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. పక్కన కూర్చుని వీపు నిమిరాను. "రెండేళ్ళు టీచర్" అంది వెక్కిళ్ళ మధ్య. "ఇప్పుడు అమ్మతో ఏమని మొదలుపెట్టను?"

ఆ సంగతి నాకూ తెలియదని చెప్పాను.

జూలై ఇరవై రెండు. చీకటితోనే బడి గ్రౌండుకి చేరాను. పిల్లలు సగం మంది వచ్చారు, మిగతా సగాన్ని ఇళ్ళలోంచి రానివ్వలేదు. సూర్యుడి వైపు ఉత్త కళ్ళతో చూస్తే తోలు తీస్తానని ముందే బెదిరించాను. గుంటూరు నుంచి తెచ్చిన సోలార్ ఫిల్టర్ కళ్ళజోళ్ళు, అంటే ఎండని దాదాపు మొత్తం ఆపేసే నల్ల అద్దాలు, వంతులవారీగా పంచాను. రాజ్యం వచ్చింది. మస్తానమ్మ వచ్చింది. తొలి పొద్దుకి మబ్బు అడ్డం ఉంది. "ఇంకేం కనపడుద్ది టీచర్" అని గొణిగారు. కాసేపటికి మబ్బు పక్కకి తొలగింది, పత్తి చేల పైన సగానికి పైగా తరిగిపోయిన సూర్యుడు. పిల్లలు కేక పెట్టారు. పార్వతి అద్దాల్లోంచి చూసి, "గసగసం" అంది. అందరికీ వినపడేట్టు అంది.

అప్పుడు కంకర దారి మీద కోటేశ్వరమ్మ కనిపించింది. నెత్తిన గడ్డిమోపు, చేతిలో కొడవలి. గడ్డి మీద తడి ఇంకా మెరుస్తోంది, అప్పుడే కోసుకుని వస్తోంది. పదమూడేళ్ళుగా ఏ గ్రహణం పట్టినా చీకటి గదిలోంచి బయటికి రాని మనిషి, ఆ సగం ఎండలో గేటు దాటి నేరుగా మా దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇయ్యాళ కూడా గేదెకి ఆకలేసింది టీచరుగారూ" అంది.

పార్వతి కళ్ళజోడు తీసి సుభాషిణి చేతిలో పెట్టింది. తల్లి ముందుకి వెళ్ళి, రెండు చేతులూ పైకి చాచి మోపు పట్టుకుంది.

"బరువుగా ఉందా అమ్మా? దించుతా, మెల్లిగా వంగు."

కోటేశ్వరమ్మ వంగింది. మోపు కిందికి దిగింది. దిగాక కూడా ఆమె వెంటనే నిటారుగా లేవలేదు, కూతురి భుజం పట్టుకుని అట్టాగే ఉండిపోయింది.

పున్నమ్మగారు ఆ పూట తలుపు తీయలేదు. పొరపాటు పడ్డానని కూడా ఎన్నడూ అనలేదు. ఆ కొడవలి మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదని పార్వతి చెప్పింది. ఆ ఏడు నుంచి హాజరు పిలిస్తే ఆ పిల్ల చెయ్యెత్తడం మానేసి "ప్రెజెంట్ టీచర్" అనేది. కొత్తగా చేరిన వాళ్ళెవరైనా నవ్వితే నాకన్నా ముందు సుభాషిణి లేచేది.

గ్రహణం ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు పడుతుందో వందేళ్ళ ముందే లెక్క కట్టి చెప్పగలం. భయపడ్డ మనిషి నోరు ఎప్పుడు విప్పుతుందో చెప్పే లెక్క నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే ఆ తర్వాత ఏ ఊరికి బదిలీ అయినా ఆ పాఠం మొదలుపెట్టే ముందు ఒక ఆదివారం తల్లులు పనిచేసే చోటికి వెళ్ళేదాన్ని. ముక్కుకి గుడ్డ కట్టుకుని, వాళ్ళ మధ్య కూర్చుని, వాళ్ళు మాట్లాడేదాకా తొడిమలు తీసేదాన్ని.